అంకె సరైనదే, కాలమ్ తప్పు

(డిసెంబరు 17న కామారెడ్డిలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షను అనేది సర్కారు దయతలచి ఇచ్చే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అని ఆ తీర్పు సారాంశం. అందుకే ఈ రోజును మనం పండుగగా జరుపుకుంటున్నాము. దాని గురించి నాకన్నా బాగా మాట్లాడగల పెద్దలు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను "మీకిష్టమైన విషయం మీద పదిహేను నిమిషాలు మాట్లాడండి" అన్నారు. నేను ఎన్నుకున్న విషయం వింటే మీకు నవ్వు రావచ్చు. మోటారు సైకిల్ బ్యాటరీ.

నవ్వండి, ఫరవాలేదు. కాని మిత్రులారా, నేను ఈ విషయం ఎన్నుకోవడానికి కారణం ఉంది. పోయిన సంవత్సరం ఇదే రోజున, ఇదే హాలు బయట, భోజనాల వరుసలో నిలబడి నేను ఒక గొప్ప చెప్పుకున్నాను. ఆ గొప్ప వల్ల మనలో ఒకరికి కష్టం కలిగింది. గొప్ప నలుగురిలో చెప్పుకున్నవాడు తప్పు కూడా నలుగురిలోనే ఒప్పుకోవాలి. అందుకే ఈ ప్రసంగం.

నేను 1975లో ఎల్లారెడ్డి తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరాను. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఫైళ్లు బండికెత్తిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. 2009లో కామారెడ్డిలో రిటైర్ అయ్యాను. ఇప్పుడు నాకు 74 ఏళ్లు. సర్వీసులో మొదట సైకిలు, తరువాత లూనా. లూనాకు బ్యాటరీయే లేదు, తొక్కితే స్టార్ట్ అయ్యేది. ఆ తరువాత సెకండ్ హ్యాండ్‌లో రాజ్‌దూత్ కొన్నాను. దానికి 6 వోల్టుల బ్యాటరీ. డిస్టిల్డ్ వాటర్ సీసా ఇంట్లో గంగాజలం పక్కనే ఉండేది. ఆసిడ్ పడి చిల్లులు పడ్డ ప్యాంట్లు ఈ హాలులో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది 2014లో మా అబ్బాయి కొన్న 150 సి.సి. బండి. అతను హైదరాబాదు వెళ్తూ నాకు వదిలిపెట్టాడు. కిక్కు ఉన్నది గాని మోకాలి ఆపరేషన్ తరువాత నేను కొట్టలేను. సెల్ఫ్ బటనే దిక్కు. పైగా హెర్నియా ఆపరేషన్ చేసిన డాక్టరు గారు బరువులెత్తవద్దన్నారు. సరిగ్గా అప్పుడే బండి బ్యాటరీ పోయింది. వేసి రెండేళ్లు కూడా కాలేదు.

ఒక దుకాణానికి వెళ్లాను. అక్కడి పిల్లవాడు నా చేతిలో ఒక చిన్న డబ్బా పెట్టి, "లిథియం సార్. పట్టుకొని చూడుండ్రి, దూదిపింజ లెక్క ఉంటది. బండి అల్కగైతది, మీకు స్టాండ్ వేసుడు సులువైతది" అన్నాడు. నాకు బరువు మాట చెవిన పడగానే మనసు కరిగింది. మామూలు సీసం బ్యాటరీ 1,400 రూపాయలు. ఇది 4,200. ఇచ్చి తెచ్చుకున్నాను.

ఇంటికి వచ్చి కిరాణా షాపు కాంటా మీద పాతదీ కొత్తదీ తూచాను. పాతది 2 కిలోల 900 గ్రాములు, కొత్తది 800 గ్రాములు. సంతోషంగా మా ఇంటావిడకు చెప్పాను. ఆమె, "రెండు కిలోల కోసం గన్ని పైసలా? ముందే చెప్తే నేనే రెండు కిలోలు తగ్గుదునుగదా!" అన్నది. బండి బరువు 145 కిలోలు. మేమిద్దరం కూర్చుంటే ఇంకో 130. అందులో రెండు కిలోలు తగ్గితే ఎంత తగ్గినట్టు? ఆ లెక్క ఆమె చేసింది గాని, 34 ఏళ్లు లెక్కలు రాసిన నేను చేయలేదు.

పైగా పోయిన సంవత్సరం ఈ సభకు వచ్చినప్పుడు బండి సీటు ఎత్తి మరీ నలుగురికీ ఆ బ్యాటరీని చూపించాను. "ఇంక పదేళ్ల దాకా చూడనక్కర లేదు" అన్నాను. విన్నవాళ్లలో ఎల్లారెడ్డి నుండి వచ్చిన మిత్రుడు ఒకరున్నారు. ఒకే ఆఫీసులో ఎదురెదురు బల్లల మీద పదకొండేళ్లు పనిచేశాము. ఆయన నా మాట మీద సంక్రాంతి వెళ్లగానే అలాంటిదే కొని తన బండికి వేయించుకున్నారు.

ఇక జరిగింది చెబుతాను. ఆయన బండి 2021 మోడల్. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్. 6 బండ్లలో చాలావాటికి కార్బురేటర్ పోయి, పెట్రోలును పంపుతో చిమ్మే ఏర్పాటు వచ్చింది. చాలా బండ్లకు కిక్కు కూడా తీసేశారు. ఆయన బండికీ లేదు. దొంగల భయానికి బయట ఒక సైరన్ కూడా పెట్టించుకున్నారు. జూన్‌లో కూతురి కాన్పుకని దంపతులిద్దరూ హైదరాబాదు వెళ్లి నలభై రోజులుండి, ఒక రాత్రి చివరి బస్సుకు ఎల్లారెడ్డి చేరారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఆమెకు ఆయాసం మొదలయింది. ఊపిరి అందడం లేదు. ఆస్పత్రి ఊళ్లోనే కదా, బండి మీద ఐదు నిమిషాల్లో పోవచ్చునని ఆయన బయటికి వచ్చి తాళం తిప్పారు. మీటరులో దీపం కూడా వెలగలేదు. సెల్ఫ్ నొక్కారు, మళ్లీ నొక్కారు. పక్కింటి కుర్రవాణ్ణి లేపి గల్లీ చివరి దాకా నెట్టించారు. పాత బండి అయితే నెడితే అంటుకునేది. ఈ బండికి పెట్రోలు పంపు తిరగాలన్నా బ్యాటరీయే కావాలి. ప్రాణం లేని బ్యాటరీతో ఎంత నెట్టినా లాభం లేదు. ఆ సంగతి ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. చివరికి 108కి ఫోను చేశారు. అంబులెన్సు వచ్చింది, ఆక్సిజన్ పెట్టారు. భగవంతుని దయవల్ల ఆమె గండం గట్టెక్కింది. కాని దాదాపు అరగంట బండితో పోరాడటంలోనే పోయింది.

మర్నాడు ఆయన నాకు ఫోను చేసి సంగతంతా చెప్పారు. ఒక్క నిష్ఠూరపు మాట అనలేదు. చివర్లో మాత్రం, "అది నువ్వు చెప్పిన బ్యాటరీయే" అన్నారు. మిత్రులారా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారి బండి తీసుకొని ఎల్లారెడ్డి బయలుదేరాను. మీకు తెలుసు, తాడ్వాయి, లింగంపేట మీదుగా నలభై కిలోమీటర్ల పైచిలుకు. లింగంపేటలో చాయ్ తాగుదామని ఆగాను. తాగి వచ్చి బటన్ నొక్కితే 'టిక్ టిక్' మంటుంది గాని ఇంజను తిరగదు. చాయ్ హోటలు పిల్లలు నెట్టారు. నాది పాత కార్బురేటర్ బండి గనుక, బ్యాటరీలో కొన ఊపిరి ఉన్నది గనుక అంటుకున్నది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. నా బ్యాటరీ మంచిగానే ఉండాలి కదా! ఎందుకంటే, నేను గుమాస్తాను. బ్యాటరీ కొన్ననాటి నుండి ప్రతి ఆదివారం పొద్దున మల్టీమీటరు పెట్టి వోల్టేజి చూసి రిజిస్టరులో ఎక్కిస్తున్నాను. ప్రతి వారం 12.8, 12.8, 12.8. బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 నుండి 12.8 అని నేను ఎప్పుడో నేర్చుకున్నాను. ఆ రిజిస్టరు సంచిలో పెట్టుకునే వెళ్లాను.

ఎల్లారెడ్డిలో ఐ.టి.ఐ. చదివి బండ్ల వైరింగ్ పనిచేసుకునే ఒక అబ్బాయి దగ్గరికి ఇద్దరమూ వెళ్లాము. అతను నా రిజిస్టరు తిప్పి చూసి, "సార్, రాత మంచిగుంది. కానీ గిది సీసం బ్యాటరీ లెక్క. లిథియంల 12.8 అంటే నిండుడు కాదు, అడుగంటుడు" అన్నాడు.

తలమీద పిడుగు పడ్డట్టయింది. మన రెవెన్యూ వాళ్లకు చెప్పనక్కర లేదు. పహాణీలో పట్టాదారు కాలమ్‌లో రాయవలసిన పేరు అనుభవదారు కాలమ్‌లో రాస్తే పేరు తప్పు కాదు, అక్షరం తప్పు కాదు. కాని ఒక కుటుంబం కోర్టుల చుట్టూ తిరుగుతుంది. నేను చేసింది అదే. అంకె సరైనదే, కాలమ్ తప్పు.

ఇప్పుడు ఆ అబ్బాయి దగ్గర, తరువాత పుస్తకాల్లో నేర్చుకున్నది మీకు విన్నవిస్తాను. కొంచెం ఓపిక పట్టండి.

సీసం బ్యాటరీని 1859లో ఫ్రాన్సు దేశపు ప్లాంటే కనిపెట్టాడు. ఒక్కొక్క గదిలో సుమారు 2 వోల్టులు. ఆరు గదులు కలిస్తే 12 వోల్టులు. మా రాజ్‌దూత్‌కు మూడు గదులుండేవి గనుక 6. సీసం ఎంత బరువో మనకు తెలుసు, నీటికి పదకొండింతల పైన. లిథియం లోహాలన్నిటిలోకి తేలిక, నీటిమీద తేలుతుంది. బరువులో తేడా అక్కడి నుండి వస్తుంది.

అయితే లిథియం బ్యాటరీ అంటే ఒకటే రకం కాదు. మన సెల్‌ఫోన్లలో ఉండే రకానికి గదికి 3.6, 3.7 వోల్టులు. అవి మూడు కలిపితే 11 పైన, నాలుగు కలిపితే 14.8. మోటారు సైకిల్‌కు రెండూ కుదరవు. బండికి సరిపోయేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. గదికి 3.2 వోల్టులు, నాలుగు గదులకు 12.8. వేడికి తట్టుకోవడంలోనూ ఇది మిగతా లిథియం రకాలకన్నా మేలు. కొందరు పాత ల్యాప్‌టాప్ సెల్లులు మూడేసి జతచేసి డబ్బాలో పెట్టి బండి బ్యాటరీ అని అమ్ముతున్నారు. వాటికి నిండు వోల్టేజి 12.6. బండి ఛార్జింగ్ 14 పైన ఇస్తుంది. అది చిన్న గ్లాసులో చెంబెడు నీళ్లు పోసినట్టు. పొగ, మంట రావచ్చు. డబ్బా మీద లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అని స్పష్టంగా లేనిదాన్ని ముట్టుకోవద్దు.

ఈ ఐరన్ ఫాస్ఫేట్ వెనుక మన పెన్షనర్లు వినదగ్గ కథ ఒకటి ఉన్నది. దీన్ని 1997లో లోకానికి చెప్పినవాడు అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ గుడెనఫ్. ఆయనతో పాటు ఆ పరిశోధనలో పాఢి, నంజుండస్వామి అనే మన దేశస్థులు ఉన్నారు. గుడెనఫ్ అంతకు ముందు ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేశాడు. అక్కడ వయసు వస్తే రిటైర్ కావలసిందే గనుక, 1986లో టెక్సాస్‌కు వెళ్లిపోయాడు. ఐరన్ ఫాస్ఫేట్ పరిశోధన అచ్చయిన నాటికి ఆయన వయసు 74, ఈ రోజు నా వయసు. 2019లో నోబెల్ బహుమతి అందుకునేనాటికి 97. అంతటి వయసులో నోబెల్ పొందినవాడు మరొకడు లేడు. 2023లో నిండు నూరేళ్లు బ్రతికి కన్నుమూశాడు. రిటైర్ అయితే పని అయిపోయిందనుకునే వాళ్లకు ఈ మాట చెప్పండి. మన దగ్గర కూడా మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా సంస్థ లిథియం సెల్లుల కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. కనుక ఈ వస్తువు ముందు ముందు మన ఇళ్లలోకి వచ్చేదే. తెలుసుకొని వాడటం మన పని.

ఇక కొనేముందు చూడవలసినవి చెబుతాను. దయచేసి రాసుకోండి.

మొదటిది, అసలు బ్యాటరీ ఎందుకు పోయిందో చూడాలి. ఆ అబ్బాయి నా బండి ఛార్జింగ్ కొలిచాడు. ఇంజను మామూలుగా తిరుగుతుంటే 13.0, రేజ్ చేస్తే 13.7. ఉండవలసింది రేజ్ చేసినప్పుడు 14 నుండి 14.5 దాకా. అంటే నా బండిలో రెగ్యులేటర్ నీరసించింది. పాత సీసం బ్యాటరీ రెండేళ్లకే పోవడానికీ, కొత్త లిథియం ఎన్నడూ నిండకపోవడానికీ అదే కారణం. నేను రోగం చూడకుండా రోగిని మార్చాను. రెగ్యులేటర్ మార్పిస్తే 14.3కి వచ్చింది. దీనికి వ్యతిరేకం కూడా ఉన్నది. కొలిస్తే 15 దగ్గరికి పోతుంటే ఆ బండికి లిథియం అసలే వేయకూడదు, పాడవుతుంది. ముందు కొలత, తరువాత కొనుగోలు.

రెండవది, 'సమానం' అనే మాట. నా డబ్బా మీద పెద్ద అక్షరాలతో 9 అని ఉన్నది. పక్కన చిన్న అక్షరాలతో 'సీసానికి సమానం' అని ఉన్నది. లోపల అసలు నిలువ 3 ఆంపియర్ అవర్లే. ఇది పూర్తిగా మోసమని అనలేము. సెల్ఫ్ కొట్టడానికి ఒక్క క్షణం చాలా కరెంటు కావాలి. ఆ బలంలో చిన్న లిథియం పెద్ద సీసంతో సమానమే. బిందె చిన్నది, మూతి పెద్దది. కాని నిలవుండే నీళ్లు బిందెలో పట్టినన్నే కదా! 35 వాట్ల హెడ్‌లైటు మరిచిపోయి ఆన్‌లో వదిలేస్తే 3 ఆంపియర్ అవర్ల బ్యాటరీ గంటలో ఖాళీ. 9 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు గంటలు దాటి నిలుస్తుంది.

మా మిత్రుని విషయం ఇదే. ఆ సైరన్ రాత్రింబగళ్లు 5 మిల్లీ ఆంపియర్లు తాగుతున్నది. రోజుకు 0.12 ఆంపియర్ అవర్. మూడింటిని 0.12తో భాగిస్తే 25 రోజులు. ఆయన వెళ్లింది 40 రోజులు. 9 ఆంపియర్ అవర్ల సీసం అయితే కాగితం మీద 75 రోజులు వస్తుంది. ఈ చిన్న భాగహారం నేను ముందే చేసి ఉంటే, ఆ తెల్లవారుజామున ఆయన గల్లీలో బండి నెట్టేవారు కాదు.

మూడవది, కొలత, టెర్మినళ్లు. లిథియం డబ్బా చిన్నది గనుక పెట్టెలో కదలకుండా స్పాంజి ముక్కలు పెట్టాలి. ప్లస్ ఏ పక్కన, మైనస్ ఏ పక్కన అనేది పాతదాని పక్కన పెట్టి సరిచూడాలి. వైరు లాగి బలవంతంగా బిగిస్తే ఒకనాడు తెగుతుంది.

నాల్గవది, లోపల కాపలా సర్క్యూట్ ఉండాలి. దీన్ని బి.ఎం.ఎస్. అంటారు. ఛార్జి మరీ పెరిగినా, మరీ తరిగినా ఇది కనెక్షన్ ఆపేస్తుంది, నాలుగు గదులనూ సమానంగా ఉంచుతుంది. కొన్నిటిలో ఇది ఉండదు. అడగాలి, కాగితం మీద చూపించమనాలి.

ఐదవది, ఛార్జరు. సీసానికి వాడే పాత ఛార్జర్లలో కొన్నిటికి, గడ్డకట్టిన బ్యాటరీని బాగుచేయడానికి ఎక్కువ వోల్టేజి కొట్టే పద్ధతి ఉంటుంది. లిథియానికి అది విషం. లిథియం అని రాసి ఉన్న ఛార్జరే వాడాలి. పూర్తిగా అడుగంటిన లిథియాన్ని మెకానిక్ షాపులో బలవంతంగా ఛార్జి చేయించకండి. ఉబ్బినదాన్ని, వేడెక్కినదాన్ని ఇంట్లో పెట్టకండి.

ఆరవది, కాగితాలు. మనకు చెప్పాలా? బిల్లు, సీరియల్ నంబరు, తేదీ, ముద్ర. వారంటీ కార్డు వెనుక చిన్న అక్షరాలు కళ్లద్దాలు పెట్టుకొని కొనకముందే చదవండి. మా మిత్రుని బ్యాటరీకి దుకాణంవారు వారంటీ ఇవ్వలేదు. 'పూర్తిగా అడుగంటిన దానికి వర్తించదు' అని కార్డు మీద ఉన్నది. కార్డు ప్రకారం వాళ్లది తప్పు కాదు. చదవకపోవడం మాది తప్పు. పాతది ఇచ్చేటప్పుడు కూడా జాగ్రత్త. సీసానికి తూకం కట్టి పైసలిస్తారు. లిథియానికి మన ఊళ్లలో ఇంకా అంత గిరాకీ లేదు. అయినా చెత్తబుట్టలో వేయకూడదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాటిని ఇంటి చెత్తతో కలపవద్దంటున్నాయి.

ఇక రిజిస్టరు పెట్టుకునే నాబోటివాళ్లకు రెండు కాలమ్‌లు చెబుతాను. బండి ఆపి కొన్ని గంటలు గడిచాక చూడాలి. సీసం బ్యాటరీ: 12.6 పైన నిండు, 12.2 సగం, 12 కిందికి పోతే ఖాళీ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్: 13.3 ఆ పైన నిండు, 13 దగ్గరికి వస్తే జాగ్రత్త, 12.8 అంటే అడుగు. ఇంకొక మాట. వోల్టేజి అనేది మన లైఫ్ సర్టిఫికెట్ వంటిది. మనిషి బతికి ఉన్నాడని చెబుతుంది గాని, రెండంతస్తుల మెట్లెక్కగలడని చెప్పదు. అందుకని సెల్ఫ్ నొక్కుతున్నప్పుడు మీటరు ఎంతకు పడుతుందో కూడా చూడండి. 10 కిందికి పడిపోతుంటే, ముందు ఛార్జి చేసి చూసి, అప్పటికీ పడితే మార్చండి.

మరి లిథియం మంచిదా, చెడ్డదా? మంచిదే. ఆసిడ్ లేదు, నీళ్లు పోయనక్కర లేదు, తానంతట తాను కారిపోయేది తక్కువ, సరిగా చూసుకుంటే సీసం కన్నా ఎక్కువ ఏళ్లు వస్తుంది. రోజూ ఇరవై ముప్పై కిలోమీటర్లు తిరిగే పడుచువాళ్లకు, ఛార్జింగ్ సరిగా ఉన్న బండికి బాగుంటుంది. కాని మన తిరుగుడు ఎంత? ఇంటి నుండి కూరగాయల మార్కెట్, అక్కడి నుండి బ్యాంకు, గుడి. ఒక్కొక్కటి కిలోమీటరు, మధ్యలో ఆరుసార్లు సెల్ఫ్. ఖర్చు ఎక్కువ, జమ తక్కువ. అలాంటి ఖాతాకు పెద్ద నిలువే క్షేమం. మూడు కిలోల బరువున్నా సరే, కంపెనీ చెప్పిన సైజు సీల్డ్ సీసం బ్యాటరీ మనలో చాలామందికి చాలు. బరువు తగ్గుతుందని మాత్రం లిథియం కొనకండి. బండి స్టాండ్ వేయలేకపోతే సైడ్ స్టాండ్ వేసుకోండి, మనుమణ్ణి పిలవండి.

పిల్లల దగ్గరికి అమెరికాకో హైదరాబాదుకో నెలల తరబడి వెళ్లేవాళ్లు ఒక్క పని చేయండి. ఏ రకం బ్యాటరీ అయినా మైనస్ వైరు విప్పి, దాని కొసకు టేపు చుట్టి వెళ్లండి. సీసాన్ని నిండుగా ఛార్జి చేసి పెట్టాలి. లిథియం సగానికి పైన ఉంటే చాలు. మన మే నెల ఎండలకు రెండూ నీడనే ఉండాలి. సీసం ఎండకు తొందరగా ముసలిదవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెబుతున్నాను. ఆయాసం, ఛాతీ నొప్పి, పడిపోవడం, ఏదైనా సరే, ముందు 108. తరువాతే బండి తాళం. రోగిని వెనుక కూర్చోబెట్టుకొని పోవడానికి మన వయసూ సరిపోదు, బండినీ నమ్మలేము. గోడ మీద క్యాలెండర్ పక్కన పెద్ద అక్షరాలతో ఆ నంబరు రాసి పెట్టండి. మా ఇంట్లో రాశాను.

మా మిత్రునికి కొత్త సీసం బ్యాటరీ నేను కొనిస్తానన్నాను. ఒప్పుకోలేదు. చాలాసేపు వాదించుకొని చెరి సగం అన్నాము. సైరన్ తీయించేశారు. నా బండికి అదే లిథియం ఉంచాను. దానిది తప్పు లేదు గనుక. రెగ్యులేటర్ మార్చాను, దానికి తగ్గ ఛార్జరు కొన్నాను, రిజిస్టరులో కొత్త పేజీ తీసి కాలమ్‌కు పేరు రాశాను. పాత పేజీలు కొట్టివేయలేదు. మన ఆఫీసుల్లో తప్పు రాస్తే బ్లేడుతో గీకకూడదు, గీత గీసి పక్కన సంతకం పెట్టాలని నేర్పారు. ఈ రోజు మీ ముందు చేసింది ఆ సంతకమే.

ఆ దంపతులిద్దరూ ఈ సభకు వచ్చారు. పేరు చెప్పవద్దన్నారు గనుక చెప్పడం లేదు. ఎల్లారెడ్డి నుండి ఈసారి బస్సులో వచ్చారు. బండి ఏదని అడిగితే ఆయన, "మైనస్ వైరు విప్పి వచ్చిన" అన్నారు.